తరఫు నుంచి రాష్ట్రం దాకా: మనం మరిచిన ఒక చదువు

తెలుగు రైతు కచేరీకి వెళ్తాడు. తహసీల్దారుకు అర్జీ పెట్టుకుంటాడు. దస్తావేజు నకలు అడుగుతాడు. హాజరు వేయించుకుంటాడు. మంజూరైతే రసీదు తీసుకుంటాడు, రద్దయితే ఫిర్యాదు చేస్తాడు. జిల్లా, తాలూకా, జమాబందీ, వసూలు, బకాయి, సిఫారసు, అమలు, జారీ. చివరికి మంత్రిగారు కుర్చీ దిగాలన్నా ఇవ్వాల్సింది రాజీనామాయే. ఈ మాటల్లో ఒక్కటి కూడా పరాయిదని ఆ రైతుకు తోచదు. తోచకూడదు కూడా. ఎక్కువగా అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చి, ఉర్దూలో నలిగి, తెలుగు నోట్లో పండిన మాటలవి.

మా బాధ మాటల గురించి కాదు, మాటల వెనకున్న చదువు గురించి. సర్కారు ఎలా నడుస్తుంది, పై సర్కారుకూ కింది సర్కారుకూ మధ్య అధికారం ఎలా పంచుకోవాలి, ఎక్కడ పట్టు బిగించాలి, ఎక్కడ వదలాలి అన్న చదువు ఒకటుంది. ఇప్పుడు దాన్ని ప్రభుత్వ పాలనాశాస్త్రమనీ కేంద్ర రాష్ట్ర సంబంధాలనీ అంటున్నాం. ఆ చదువుకు జీవితాలు ధారపోసినవాళ్లు మా హైదరాబాద్‌లో వున్నారు. వాళ్ల పేర్లు మా పిల్లలకు తెలియవు. మీ పిల్లలకూ తెలియవు.

ఎందుకు తెలియవో మాకు కొంత అనుభవం మీద తెలుసు. మేం పనిచేసిన ఒక పత్రికలో రంజాన్ వస్తే హలీం మీద మమ్మల్ని రాయమనేవారు. తలాక్ మీద కోర్టు తీర్పొస్తే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవారు. సెప్టెంబర్ 17 దగ్గర పడితే రజాకార్ల మీద మా 'అభిప్రాయం' కావాలనేవారు. ఒకసారి కేంద్రం రాష్ట్రాలకు పంచే పన్నుల వాటా మీద మేం రాస్తామన్నాం. "అది మీకెందుకు భాయ్?" అన్నారు. ఆ అన్నాయన చెడ్డవాడు కాదు. మాతో చాయ్ తాగినవాడే. ఆయన మనసులో ముస్లిం అంటే ఒక మతం, ఒక వంట, ఒక నేరం. పౌరుడికి వుండే మిగతా యావలన్నీ మాకు వుంటాయని ఆయనకు తట్టలేదు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాం.

హారూన్ ఖాన్ షేర్వానీతో మొదలుపెడదాం. 1891లో పుట్టారు. ఉత్తరాది మనిషి. ఇంగ్లండులో చదువుకున్నారు. 1919లో, అప్పుడే తలుపులు తెరుచుకుంటున్న ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వచ్చి చరిత్ర, రాజనీతి శాస్త్రాలు బోధించారు. దక్కన్‌కు వచ్చి దక్కన్ వాడైపోయారు. 1942లో బహమనీ వజీర్ మహమూద్ గవాన్ మీద పుస్తకం రాశారు. 1953లో బహమనీల మీద, 1974లో కుతుబ్‌షాహీల మీద పెద్ద గ్రంథాలు తెచ్చారు. తొలినాటి ముస్లింల రాజకీయ ఆలోచన, పరిపాలన మీద కూడా విడిగా రాశారు. 1969లో పద్మభూషణ్ వచ్చింది. 1980లో కన్నుమూశారు. రాజుల యుద్ధాలు రాసినవాళ్లు చాలామంది వున్నారు. రాజ్యం ఎలా నడిచిందో అడిగినవాళ్లు తక్కువ. షేర్వానీ అడిగారు.

ఆయన అడిగినందువల్లే మహమూద్ గవాన్ మాకు రాళ్ల మదర్సా కట్టించిన దాతగా మాత్రమే మిగల్లేదు. బీదరులో 1472 నాటి ఆ మదర్సా సగం కూలి ఇప్పటికీ నిలబడే వుంది. కానీ గవాన్ కట్టిన అసలు కట్టడం కంటికి కనిపించదు. బహమనీ రాజ్యం నాలుగు తరఫులుగా వుండేది. తరఫు అంటే ఒక రాష్ట్రం లాంటిది. దాని మీద తరఫ్‌దారు. తన తరఫులోని కోటలన్నీ ఆయన చేతిలోనే, శిస్తులన్నీ ఆయన చేతిలోనే. సుల్తాను బీదరులో కూర్చుని ఆయన దయ మీద బతకాలి. గవాన్ ఈ నాలుగింటినీ ఎనిమిది చేశాడు. మన తెలంగాణ తరఫు వరంగల్, రాజమండ్రి అని రెండయింది. తరఫ్‌దారుకు ఒక్క కోటే మిగిల్చి, మిగతా కోటలకు కిల్లేదారులను కేంద్రమే వేసింది. ప్రతి తరఫులోనూ కొంత భూమిని ఖాలిసా కింద నేరుగా సుల్తానుకు చేర్చింది. భూములు కొలిపించాడు. ఎంతమంది సైనికులను పోషిస్తున్నామని చెప్పి డబ్బు తీసుకుంటున్నారో అంతమందినీ చూపించమన్నాడు.

కోటల బదులు పోలీసులు, ఖాలిసా బదులు కేంద్ర పన్నులు, కిల్లేదారు బదులు గవర్నరు అని పెట్టుకుని చదవండి. అయిదున్నర శతాబ్దాల నాటి ఆ తగాదా మనకు ఎక్కడో విన్నట్టే వుంటుంది.

కథ ఎలా ముగిసిందో కూడా చూడాలి. గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చినవాడు. అప్పటి మాటల్లో ఆఫాకీ. స్థానికులు దక్కనీలు. కోటలు పోగొట్టుకున్న దక్కనీ అమీర్లు ఆయన ముద్ర సంపాదించి, ఒరిస్సా రాజుకు రాసినట్టు దొంగ ఉత్తరం పుట్టించారు. సుల్తాను విచారించలేదు. 1481లో కొండపల్లి దగ్గర, మన కృష్ణా తీరంలోనే, ఆ ముసలి వజీరు తల నరికించాడు. తర్వాత కొన్నేళ్లకే తరఫ్‌దారులు ఎవరికి వారు సుల్తానులయ్యారు. ఒక రాజ్యం అయిదు రాజ్యాలయింది.

ఇందులో మాకు రెండు పాఠాలు కనిపిస్తాయి. మొదటిది, లెక్క ఎంత సరైనదైనా కింది వాళ్లను ఒప్పించకుండా పైనుంచి రుద్దితే నిలవదు. రెండోది, వచ్చినవాడికీ వున్నవాడికీ మధ్య తగాదా మతం చూడదు. దక్కనీలూ ఆఫాకీలూ ఎక్కువగా ముస్లింలే. ముస్లింలంతా ఒకటేనని, వాళ్లకు వూరూ వాడా వుండవని అనేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు.

ఆ తగాదా మళ్లీ మళ్లీ పైకి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా దివానుగా వుండి, 1865లో జిల్లాబందీ చేశాడు. శిస్తు వసూలును గుత్తేదార్ల చేతుల్లోంచి తీసి జీతగాళ్లయిన అధికారులకు ఇచ్చాడు. ఆ అధికారుల కోసం ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్లను రప్పించాడు. వాళ్లు వచ్చి కుర్చీల్లో కూర్చోగానే ఇక్కడివాళ్లకు కడుపు మండింది. ఆ మంటలోంచే ముల్కీ మాట పుట్టింది. 1919 నాటి ముల్కీ నియమాల దాకా నడిచింది. 1952లో విద్యార్థుల మీద తూటాల దాకా, 1969లో తెలంగాణ రాజుకున్న దాకా అదే నిప్పు. ముల్కీ నియమాల వెనక ముస్లింల ఆకలి కూడా వుందని ఎవరూ చెప్పరు.

ఇక్కడ మమ్మల్ని మేం కూడా అడగాలి. అడగకపోతే ఈ వ్యాసం కేవలం గొప్పలు చెప్పుకోవడమవుతుంది. ఉస్మానియా పుట్టకముందే 1917లో దారుల్ తర్జుమా పెట్టారు. అర్థశాస్త్రం, రాజనీతి, న్యాయం, వైద్యం అన్నింటినీ ఉర్దూలోకి తెచ్చారు. భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పడమంటే మాటలు కాదు. దాని మీద మాకు గర్వముంది. కానీ ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. తర్వాత మరాఠీ, కన్నడం. వాళ్ల పిల్లలు సర్కారు మెట్లు ఎక్కాలంటే ముందు మా భాష మెట్లెక్కాలి. అధికారం ఎలా పంచాలో అంత బాగా రాసినవాళ్లకు భాషను పంచాలని తోచలేదు. ఉర్దూ పేరు చెప్పగానే తెలుగు మిత్రుల ముఖాలు ఎందుకు ముడుచుకుంటాయో దీన్ని బట్టి అర్థమవుతుంది. అయితే ఒక్క మాట. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు మా తాతలు కారు. దూదేకులవాళ్లు, కసాయివాళ్లు, ఫకీర్లు, టాంగావాలాలు ఏ ఫర్మానా జారీ చేయలేదు. 1948 తర్వాత మాత్రం అందరితో పాటు వాళ్లూ 'పాలకుల జాతి' అయిపోయారు.

1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది. నౌకర్లు పోయాయి, జాగీర్లు పోయాయి, ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయింది. ఎనిమిదేళ్లు తిరిగాక రాజ్యం కూడా పోయింది. 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ నివేదిక ఇచ్చింది. దాని అధ్యక్షుడు సయ్యద్ ఫజల్ అలీ, ఒక ముస్లిం న్యాయమూర్తి. స్వతంత్ర భారతం పటం గీసిన ముగ్గురిలో ఆయన ఒకరన్న సంగతి మా పిల్లల పాఠంలో ఒక పేరుగా వచ్చి వెళ్లిపోతుంది. తెలంగాణను అప్పటికి విడిగానే వుంచమని, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక శాసనసభలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే కలపమని ఆ కమిషన్ చెప్పింది. అలా జరగలేదు. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలయింది. తెలుగు జిల్లాలు ఆంధ్రలో, మరాఠీ జిల్లాలు బొంబాయిలో, కన్నడ జిల్లాలు మైసూరులో కలిశాయి. తెలుగువాడు తెలుగువాడితో, కన్నడిగుడు కన్నడిగుడితో కలిశాడు. మేం మాత్రం మూడుగా చీలాం. గుల్బర్గాలో ఖాలా, ఔరంగాబాద్‌లో ఫూఫీ, నాంపల్లిలో మేం. ఎక్కడికక్కడ అల్పసంఖ్యాకులం. భాషా రాష్ట్రాలు న్యాయమైనవే, కాదనడం లేదు. ఆ న్యాయానికి మేం చెల్లించిన మూల్యం ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు, అంతే.

ఆ ఏడాది ఫిబ్రవరిలో జరిగిన పెద్దమనుషుల ఒప్పందంలో ఉర్దూ గురించి కూడా ఒక అంశముంది. పాలనలో దాని స్థానాన్ని అయిదేళ్లపాటు అలాగే వుంచాలనీ, తర్వాత ప్రాంతీయ మండలి చూసుకుంటుందనీ. నీళ్లు, నిధులు, ఉద్యోగాల గురించి ఆ ఒప్పందాన్ని ఎన్నిసార్లు తిరగేశారో. ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగినవాళ్లను మేం చూడలేదు.

ఇలాంటి నగరంలో, ఇలాంటి కాలంలో రషీదుద్దీన్ ఖాన్ ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం చెప్పారు. ఆచార్యుడయ్యారు, శాఖకు అధిపతి అయ్యారు. ఆయన చూస్తుండగానే 1969 ఉద్యమం క్యాంపస్‌లో నడిచింది. 1971లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో హైదరాబాద్ ముస్లిం నాయకత్వం, ఎన్నికల రాజకీయాల మీద ఆయన రాసిన వ్యాసం రెండు భాగాలుగా వచ్చింది. ముస్లిం ఓటంటే మసీదులోంచి వచ్చే ఓటని సరిపెట్టుకోకుండా ఓట్ల లెక్కలు, నియోజకవర్గాలు పట్టుకుని ఈ నగరాన్ని చదివిన పని అది. పాతబస్తీ మీద రాయాలనుకునే ఏ విలేకరైనా మొదట చదవాల్సింది అదే. మేం ఆలస్యంగా చదివాం. చదివాక మా పాత వార్తలు కొన్ని చూసుకుని సిగ్గుపడ్డాం.

1970 నుంచి 1982 దాకా ఆయన రాజ్యసభలో నామినేటెడ్ సభ్యులు. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో రాజకీయ అధ్యయన కేంద్రాన్ని నిలబెట్టిన తొలి ఆచార్యుల్లో ఒకరు. తర్వాత హమ్‌దర్ద్‌లో ఫెడరల్ అధ్యయనాల సంస్థను నడిపారు. 1992లో 'ఫెడరల్ ఇండియా: ఎ డిజైన్ ఫర్ చేంజ్' అన్న పుస్తకం వచ్చింది. ఆయన జీవితమంతా తిరిగింది ఒక్క ప్రశ్న చుట్టూ. ఇన్ని భాషల, ఇన్ని ప్రాంతాల దేశం ఒకటిగా వుండాలంటే అధికారం ఎక్కడెక్కడ వుండాలి?

ఆయన ఆలోచన మాకు అర్థమైనంతలో ఇది. ఐరోపాలో ఒక భాష, ఒక జాతి, ఒక రాజ్యం అన్న కొలత పెట్టుకున్నారు. ఆ కొలత భారతదేశానికి పట్టదు. ఇది అనేక ప్రాంతాలతో అల్లిన జాతి, ఫెడరల్ జాతి. వైవిధ్యం దీనికి వచ్చిన రోగం కాదు, దీని ఒళ్లే అది. భాష ఒక్కటే రాష్ట్రానికి ఆధారమైతే చాలదు. ఒకే భాషలోనూ వేర్వేరు చరిత్రలు, వేర్వేరు బతుకులు వుంటాయి. అందుకే దేశంలో యాభైకి పైగా సామాజిక సాంస్కృతిక ఉపప్రాంతాలను ఆయన గుర్తించారు. వాటి ఆధారంగా పటాన్ని మళ్లీ ఆలోచించమన్నారు. 1992లో దేశంలో వున్నవి 25 రాష్ట్రాలు. అప్పుడిది పగటికలలా వినిపించి వుంటుంది. 2000లో మూడు రాష్ట్రాలు పుట్టాయి. 2014 జూన్ 2న తెలంగాణ పుట్టింది. తెలంగాణ ఉద్యమ సభల్లో ఎందరి పేర్లో విన్నాం. ఈ హైదరాబాదీ ఆచార్యుడి పేరు ఎన్నిసార్లు విన్నామో మీరే గుర్తు చేసుకోండి.

ఒక ముస్లిం ఢిల్లీలో కూర్చుని రాష్ట్రాలకు అధికారం కావాలని రాయడంలో ఎంత బరువుందో చాలామందికి తెలియదు. ఆ బరువు 1947 నాటిది. 1929లో జిన్నా పద్నాలుగు అంశాల్లో మిగులు అధికారాలు రాష్ట్రాలకే వుండాలని వుంది. 1946 కేబినెట్ మిషన్ పథకంలో కేంద్రానికి రక్షణ, విదేశాంగం, రవాణా సమాచారాలే. అదే ఏడాది డిసెంబర్‌లో నెహ్రూ రాజ్యాంగ సభలో పెట్టిన ఆశయాల తీర్మానం కూడా మిగులు అధికారాలు రాష్ట్రాలవే అంది. 1947 జూన్ 3న విభజన ఖాయమైంది. కొద్ది వారాల్లోనే రాజ్యాంగ సభ బలమైన కేంద్రం వైపు తిరిగింది. అంటే మన కేంద్రం ఇంత బలంగా వుండడానికి ఒక పెద్ద కారణం విభజన. ఆ తర్వాత ముస్లిం నోట రాష్ట్రాల హక్కు అన్న మాట వస్తే, వినేవాడి చెవిలో పాకిస్తాన్ మోగేది.

1983లో తెలుగువాళ్లకు కేంద్రం మిథ్య అన్న మాట ఆత్మగౌరవంలా వినిపించింది. అదే ఏడాది సర్కారియా కమిషన్ పడింది. ఆ మాట చార్మినార్ దగ్గర సభలో ఒక ముస్లిం నాయకుడు అని వుంటే ఏమయ్యేదో వూహించుకోండి. రషీదుద్దీన్ ఖాన్ సభల్లో అరవలేదు. తరగతి గదిలో, పార్లమెంటులో, పుస్తకంలో నెమ్మదిగా, ఆధారాలతో చెప్పారు. దేశాన్ని విడదీసే మాటగా అనుమానించినదాన్ని దేశాన్ని కలిపి వుంచే మాటగా మార్చడానికి ఒక జీవితం పట్టింది. అది మా దృష్టిలో చిన్న దేశసేవ కాదు.

ఈ చదువు మాకు ఎందుకని అడిగినాయనకు ఇప్పుడు లెక్క చెప్తాం.

మా పిల్లవాడి కాలేజీ సీటు కేంద్ర రాష్ట్ర సంబంధమే. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. హైకోర్టు కొట్టేసింది. 2007లో వెనకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతమంటూ చట్టం తెచ్చారు. 2010లో అదీ హైకోర్టులో పోయింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో బతికింది. 2017 ఏప్రిల్‌లో తెలంగాణ శాసనసభ దాన్ని 12 శాతం చేస్తూ బిల్లు పాస్ చేసి ఢిల్లీకి పంపింది. సంబరాలు జరిగాయి, మిఠాయిలు పంచారు. రాష్ట్రపతి ఆమోదం రాలేదు. ఏ గడప దగ్గర ఆ కాగితం ఆగిపోతుందో తెలియని మేం మిఠాయి తిన్నాం. తెలిసి వుంటే మిఠాయి బదులు ప్రశ్నలు అడిగేవాళ్లం.

మా గల్లీ నాలా కూడా కేంద్ర రాష్ట్ర సంబంధమే, ఇంకో మెట్టు కింద. 1992లో రాజ్యాంగ సవరణ చేసి మున్సిపాలిటీలకు అయిదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి చేశారు. హైదరాబాద్ నగరపాలక సంస్థకు 1986లో ఎన్నికలయ్యాయి. మళ్లీ అయింది 2002లో. ఢిల్లీ హక్కులు ఇవ్వడం లేదని గోల చేసిన రాష్ట్రమే తన నగరానికి హక్కు ఇవ్వలేదు. ఆ నడుమ పాతబస్తీ నీళ్ల కోసం అర్జీ పెట్టుకోవడానికి ఒక అధికారి గుమ్మం తప్ప ఏదీ లేదు.

ఇక పటం సంగతి. రాజ్యాంగం 3వ అధికరణ కింద రాష్ట్రాన్ని చీల్చాలన్నా కలపాలన్నా పార్లమెంటు చాలు. శాసనసభను అడగాలి, కానీ వినక్కర్లేదు. 2014లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వద్దన్నా తెలంగాణ వచ్చింది. మాలో చాలామందిమి సంతోషించాం. 2019లో జమ్మూ కశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేసినప్పుడు అక్కడ శాసనసభే లేదు. అప్పుడు ఉలిక్కిపడ్డాం. మనకు నచ్చినప్పుడు ఒకలా, నచ్చనప్పుడు ఒకలా చదివితే అది చదువు కాదు. షేర్వానీ, ఖాన్ నేర్పేది ఇదే. ఎవరికి లాభమన్నది తర్వాత, ముందు అధికారం ఎక్కడుంది, దాన్ని ఆపేవాడెవడు అని అడగమంటారు.

ఖాన్‌తో మాకు ఒక పేచీ కూడా వుంది. అధికారం కిందికి దిగితే ప్రజలకు దగ్గరవుతుందనే ఈ ఆలోచనకంతా ఆధారం. నిజమే. కానీ దగ్గరికి వచ్చిన అధికారం అందరినీ సమానంగా చూస్తుందని నమ్మకమేమిటి? వూళ్లో నాలుగిళ్లున్న దూదేకుల కుటుంబానికి ఢిల్లీ ఎంత దూరమో, సర్పంచి గడప కూడా ఒక్కోసారి అంతే దూరం. రాష్ట్రం చిన్నదైన కొద్దీ అందులో పెద్ద కులం మరింత పెద్దదవుతుంది. ఎవరికి ఎంత దగ్గర అన్న ప్రశ్నను పటం ఒక్కటే తీర్చదు. దానికి రిజర్వేషన్లు కావాలి, భాషా హక్కులు కావాలి, కోర్టు తలుపు కావాలి. 2017లో తెలంగాణ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. మంచిదే. మండల కచేరీలో ఉర్దూలో రాసిన అర్జీ చదివే గుమస్తా లేకపోతే ఆ చట్టం గోడ మీది బోర్డే. ఈ పని ఆ పెద్దలు పూర్తి చేయలేదు. మనం చేయాలి.

మేం ఇప్పుడు మా వీధి పిల్లలకు ఒక మాట చెప్తున్నాం. డిగ్రీలో చేరేటప్పుడు కంప్యూటర్లు, కామర్స్ అంటున్నారు, చదవండి. ఒకరిద్దరైనా ప్రభుత్వ పాలన చదవండి, రాజ్యాంగం చదవండి, ఫైనాన్స్ కమిషన్ నివేదికలు చదవండి. పాలకుల మనవలమని అనిపించుకోవడానికి కాదు. కచేరీలో వున్న మాటలన్నీ మావే అయినా, ఆ కచేరీలో మా అర్జీ ఏ బల్ల మీద ఆగిందో చెప్పగలిగినవాడు మా ఇంట్లో ఒకడు వుండాలి కాబట్టి.

తరఫు అన్న మాట తెలుగులో ఇంకా బతికే వుంది. రాష్ట్రమన్న అర్థం పోయి, పక్షమన్న అర్థం మిగిలింది. ఫలానావారి తరఫున అంటాం. మా తరఫున ఎవరో ఒకరు మాట్లాడటం చాలాకాలంగా వింటున్నాం. షేర్వానీ, రషీదుద్దీన్ ఖాన్ మా తరఫున మాట్లాడలేదు. దేశం తరఫున, దక్కన్ తరఫున మాట్లాడారు. అది మాకెందుకని వాళ్లను ఎవరూ ఆపలేకపోయారు. మమ్మల్నీ ఆపొద్దని మీకు మా అర్జీ.